పడవలో ఖాళీ ఉంటే అది నీటిదే

అట్లాంటాలో ఉంటున్న మా అన్నయ్య ఇంటికి వెళ్లేసరికి, గ్యారేజీలో కారు ఉండాల్సిన చోట ఆకుపచ్చ కెనూ ఒకటి బోర్లించి ఉంది. పదకొండు అడుగుల పొడవు, ఒక్కరే కూర్చుని తెడ్డు వేసుకునే పడవ. ఎవరో కొన్నేళ్లు వాడి అమ్మేసినది. "ఫిజిక్స్ చదివింది నువ్వే కదమ్మా, లోపల ఏమేం బిగించాలో నువ్వే చెప్పు" అన్నాడు. పక్కనే నిలబడ్డ వదిన, "అదంతా తరవాత. ముందు ఇందులోంచి బయటికి ఎలా రావాలో చెప్పమను" అంది. ఆ పూట ముగ్గురం నవ్వుకున్నాం. రెండు వారాల తరవాత నాంటహేలా నది ఒడ్డున మాత్రం ఎవరికీ నవ్వు రాలేదు.

నార్త్ కరోలినా కొండల్లో పారే ఈ నది అట్లాంటా నుంచి కారులో మూడు గంటల లోపు దూరం. పైన ఉన్న జలాశయం అడుగు నీరు విద్యుత్ కేంద్రం గుండా వచ్చి నదిలో కలుస్తుంది కాబట్టి, ఎండాకాలంలో కూడా నీరు పది డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగానే ఉంటుంది. నేర్చుకునేవాళ్లు వచ్చే నదే. అయినా మొదటి పెద్ద ఉరవడిలోనే అన్నయ్య పడవ తిరగబడింది. పాత యజమాని తొడపట్టీ బకిల్ విరిగితే మార్చకుండా ముడి వేసి వదిలేశాడు. ఆ ముడిని ఇంకాస్త బిగించమని సలహా ఇచ్చింది నేనే. "బిగుతుగా ఉంటేనే పడవ నీ మాట వింటుంది" అని టార్కు లెక్క వేసి మరీ చెప్పాను. ఒక కాలు అందులో ఇరుక్కుని అన్నయ్య నీటి కింద ఉండిపోయాడు. ఒడ్డున నిలబడి నేను ఆరు దాకా లెక్కపెట్టాను. ఏడు అనేలోపు తల పైకి తేలింది. ఖాళీ పడవ నీళ్లు నింపుకుని, ఒక బండకు అడ్డంగా అతుక్కుపోయింది. దాన్ని లాగడానికి నలుగురం తాడు పట్టాం, గంట పట్టింది.

ఈ వ్యాసం ఆ ఆరు అంకెల గురించి. ఉరవడి నీటిలో ఒంటరిగా తెడ్డు వేసే కెనూకి లోపలి అమరిక ఎంచుకునేటప్పుడు అందరూ అడిగే మొదటి ప్రశ్న, "ఏ కంపెనీ సీటు మంచిది?" నా అభిప్రాయంలో ఆ ప్రశ్న చివరిది. ముందు నీటికి చోటు లేకుండా చేయాలి. తరవాత మనిషి బయటపడే దారి చూడాలి. ఆ తరవాతే కూర్చునే తీరు, ఆ పైన పట్టు. ఈ వరసను తారుమారు చేస్తే ఎంత ఖరీదైన సామగ్రి కొన్నా తప్పు పడవే తయారవుతుంది. ఇది ఇష్టాయిష్టాల సంగతి కాదని, లెక్క అని చూపించడానికి ప్రయత్నిస్తాను.

కెనూ అంటే ఏది?

కయాక్‌కి పైకప్పు ఉంటుంది. మనిషి కాళ్లు ముందుకు చాపి కూర్చుని, రెండు వైపులా రెక్కలున్న తెడ్డు వాడతాడు. కెనూకి సాధారణంగా కప్పు ఉండదు. మోకాళ్ల మీద కూర్చుని ఒకే రెక్క ఉన్న తెడ్డుతో నడుపుతారు. కొల్లేరులో తాటి దోనెను చూసినవారికి రూపం తేలిగ్గా అర్థమవుతుంది. తేడా ఏమిటంటే కొల్లేరు నీరు నిలకడగా ఉంటుంది. కొండ నదుల్లో నీరు బండల మధ్య సెకనుకు రెండు మూడు మీటర్ల వేగంతో పరుగెడుతూ, పడవ అంచు దాటి లోపలికి దూకుతుంది. అక్కడ పడవను నడిపేవి చేతులు మాత్రమే కాదు. మోకాళ్లు, తొడలు, నడుము కలిసి పడవను ఒరగదీస్తాయి, నిలబెడతాయి. అందుకే పడవకూ ఒంటికీ మధ్య సంబంధం కావాలి. జీనులాంటి సీటు, మోకాలి ప్యాడ్లు, తొడపట్టీలు, పాదాలు ఆనించే దిమ్మలు, ముందూ వెనకా గాలి సంచులు, వాటిని పట్టి ఉంచే తాళ్ల అల్లిక: ఇవన్నీ కలిస్తేనే లోపలి అమరిక.

మొదటి ఖర్చు గాలి మీద

పదకొండు అడుగులంటే 3.35 మీటర్లు. వెడల్పు 70 సెంటీమీటర్లు, లోతు 38 సెంటీమీటర్లు అనుకుందాం. పెట్టె లెక్కన చూస్తే దాదాపు 0.9 ఘనపు మీటర్లు. పడవ రెండు చివర్లా సన్నబడుతుంది, అడుగు గుండ్రంగా ఉంటుంది కాబట్టి అందులో సగం తీసుకుందాం. 450 లీటర్లు. లీటరు నీరు ఒక కిలో. అంటే పాతిక కిలోల పడవ నిండితే దాదాపు అర టన్ను బరువుతో కదులుతుంది. దాన్ని తెడ్డుతో మలుపు తిప్పడం మనిషి వల్ల కాదు. దాని కింద, బండకూ దానికీ మధ్య చిక్కుకున్న మనిషి పరిస్థితి ఊహించడం కష్టం కాదు.

ఇక పడవ బండకు అడ్డంగా ఆగి, బోలు వైపు ప్రవాహానికి ఎదురుగా తిరిగిందనుకోండి. నీరు నెట్టే బలం వేగం వర్గానికి అనులోమంగా ఉంటుంది. ఎదురుగా నిలిచిన వైశాల్యం 1.27 చదరపు మీటర్లు, నిరోధక గుణకం 1 అనుకుంటే, సెకనుకు ఒక మీటరు వేగానికి బలం దాదాపు 635 న్యూటన్లు, అంటే 65 కిలోల బరువు. రెండు మీటర్లకు 260 కిలోలు. మూడు మీటర్లకు 580 కిలోలు. వేగం మూడింతలైతే బలం తొమ్మిదింతలు. మేం నలుగురం గంటసేపు లాగింది ఈ తొమ్మిదింతలనే.

గాలి సంచులు ఈ లెక్కను మొదటి మెట్టులోనే మారుస్తాయి. ముందూ వెనకా రెండు పెద్ద సంచులు నింపితే, మనిషి కూర్చునే చోటు ఒక మీటరు పైచిలుకు మాత్రమే నీటికి మిగులుతుంది. 450 లీటర్లు పట్టే పడవలో నూట యాభై లీటర్ల దగ్గర ఆగుతుంది. బోల్తా పడ్డ పడవ ఎత్తుగా తేలుతూ బండల మీద నుంచి జారిపోయే అవకాశం పెరుగుతుంది. అడ్డంగా ఆగినా బోలు ప్రదేశం నిండి ఉండటంతో నీరు డొప్పలో చేరినట్టు చేరదు. ఇంకో లాభం కూడా ఉంది. పడవలో నీరు ఒరిగిన వైపే పరుగెత్తి ఆ ఒరుగును ఇంకా పెంచుతుంది. బిందెలో సగం నీళ్లు పోసి చంకన పెట్టుకుని నడిచినవారికి ఆ అల్లరి తెలుసు. సంచులు నీరు పరుగెత్తే స్థలాన్నే తగ్గిస్తాయి. పడవలో ఖాళీ ఉంటే అది నీటిదే. మనం గాలితో నింపనిది నది నీటితో నింపుతుంది.

సంచి కొనడంతో పని అయిపోదు. 150 లీటర్ల సంచి నీటి అడుగుకు వెళితే దాదాపు 150 కిలోల బలంతో పైకి లేస్తుంది. కట్టి ఉంచకపోతే పడవను వదిలేసి తానొక్కటే తేలిపోతుంది. అందుకే పడవ అంచు పొడవునా దగ్గర దగ్గరగా కొక్కేలో రంధ్రాలో పెట్టి, సన్నని నైలాన్ తాడుతో పంజరంలా అల్లుతారు. అడుగున ఉంగరానికి ఒక పట్టీ కూడా వేస్తారు. ఆ అల్లిక కన్నుల్లో చేయి గానీ పాదం గానీ దూరకూడదు. వదులు తాడు నదిలో ఉచ్చుతో సమానం.

ఇంకో చిన్న పాఠం వాయు నియమాలది. నలభై డిగ్రీల ఎండలో ఒడ్డున గట్టిగా ఊదిన సంచిని పది డిగ్రీల నీటిలోకి దించితే, కెల్విన్లలో 313 నుంచి 283కి చల్లబడుతుంది. గాలి పరిమాణం పది శాతం దాకా తగ్గుతుంది. సంచి వదులై అల్లికలో కదులుతుంది. కాబట్టి పడవను నీటిలో పెట్టాక మళ్లీ ఊదాలి. సాయంత్రం పడవను ఎండలోకి తీసినప్పుడు కొంత గాలి వదలాలి. లేకపోతే అదే పది శాతం అతుకుల మీద పడుతుంది. ఇంటర్‌లో చదివిన చార్లెస్ నియమం ఒడ్డున ఒక్క నిమిషం గుర్తొస్తే సంచి చాలా కాలం మన్నుతుంది.

ఎలక్ట్రిక్ పంపు పెట్టుకోవచ్చు కదా అని అడుగుతారు. గంటకు 500 గ్యాలన్లు అని రాసి ఉండే చిన్న పంపు, కాగితం మీద లెక్క ప్రకారమే నిమిషానికి 31 లీటర్లు తోడుతుంది. 150 లీటర్లకు ఐదు నిమిషాలు. ఉరవడి అయిదు నిమిషాలు ఆగదు. పంపు సుఖం కోసం, సంచి ప్రాణం కోసం. డబ్బు ఒక్కదానికే ఉంటే ఏది కొనాలో వేరే చెప్పక్కర్లేదు.

జిగురుకు ముందు పడవ ఏ పదార్థమో తెలియాలి

పాత కెనూలు కొనేవారికి ఎక్కువగా దొరికేది రాయలెక్స్ పడవ. ఏబీఎస్ ప్లాస్టిక్ పొరలు, మధ్యలో నురుగు గుజ్జు, పైన వినైల్ పూత. బండకు కొట్టుకుని వంగినా చాలావరకు తిరిగి తన రూపానికి వచ్చే గుణం దానిది. మా పడవ కూడా అలాగే బతికింది. రాయలెక్స్ తయారీ 2014లో ఆగిపోయింది. తరవాత కెనడాలోని ఎస్కిఫ్ సంస్థ టీ-ఫార్మెక్స్ అనే అలాంటి పొరల పదార్థం తెచ్చింది. ఇవి కాక పాలీఎథిలీన్ పడవలు ఉన్నాయి.

ఈ తేడా లోపలి అమరికకు కీలకం. పాలీఎథిలీన్ ఉపరితల శక్తి చాలా తక్కువ. జిగురు దాని మీద పరుచుకోదు, తామరాకు మీద నీటిబొట్టులా ముడుచుకుంటుంది. అలాంటి పడవలో ఉంగరాలను అతికించడం కాదు, మరలతో బిగించాలి. రాయలెక్స్‌లో అతికించవచ్చు, కానీ వినైల్ పట్టీలకు వినైల్ జిగురే వాడాలి. వినైల్‌ను మెత్తగా ఉంచే ప్లాస్టిసైజర్ మెల్లగా బయటికి వచ్చి మామూలు జిగురును పాడుచేస్తుంది. ఈ రోజు గట్టిగా పట్టుకున్న ఉంగరం కొన్ని నెలల తరవాత నీటి మధ్యలో ఊడుతుంది. శుభ్రం చేయడానికి ఎసిటోన్ వాడాలనిపిస్తుంది. వద్దు. అది ఏబీఎస్‌ను కరిగిస్తుంది. ఆల్కహాల్ చాలు.

అతికించిన ఉంగరం ఏ దిశలో లాగబడుతుందో కూడా చూడాలి. ఫోన్ అద్దం మీది స్క్రీన్ గార్డును పక్కకు తోస్తే కదలదు. మూల నుంచి గోటితో ఎత్తితే మాత్రం ఇట్టే లేస్తుంది. ఉంగరమూ అంతే. ఉపరితలం వెంబడి లాగితే బలం అంతా పట్టీ మీద పరుచుకుంటుంది. నిలువుగా పైకి లాగితే అంచున ఒక సన్నని గీత మీద పోగవుతుంది. తొడపట్టీ ఉంగరాలను వీలైనంత వరకు లాగుడు దిశలో పడుకునేలా పెట్టాలి.

వజ్రాసనం, తిమ్మిరి, నడుము ఎత్తు

ఇక కూర్చునే తీరు. కెనూలో భంగిమ దాదాపు వజ్రాసనం. తేడా ఏమిటంటే పిరుదులు మడమల మీద కాకుండా మధ్యలో ఉన్న ఎత్తైన జీను మీద ఆనుతాయి, మోకాళ్లు రెండు పక్కలకు విచ్చుకుంటాయి. వజ్రాసనంలో పావుగంట కూర్చున్న ఎవరికైనా కాళ్లు తిమ్మిరెక్కడం తెలుసు. నదిలో ఆ తిమ్మిరి నవ్వులాట కాదు. మొద్దుబారిన కాలితో పడవలోంచి బయటపడలేం, ఒడ్డున నిలబడలేం.

జీను ఎత్తు రాజీ కుదుర్చుకోవాల్సిన విషయం. సాధారణంగా ఏడెనిమిది అంగుళాల నుంచి పది అంగుళాల మధ్య ఉంటుంది. ఎత్తు పెంచితే మోకాలు, చీలమండ తక్కువగా మడతపడతాయి. రక్తం బాగా పారుతుంది. పాదాలు తేలిగ్గా బయటికి వస్తాయి. కానీ గురుత్వ కేంద్రం పైకి జరిగి పడవ తొందరగా ఒరుగుతుంది. తగ్గిస్తే నిలకడ పెరుగుతుంది, తిమ్మిరీ పెరుగుతుంది. కొత్తవాళ్లు నిలకడ చూసి తక్కువ ఎత్తునే ఎంచుకుంటారు. నా ఓటు కాస్త ఎత్తుకే. నిలకడ సాధనతో వస్తుంది. నరం మీద ఒత్తిడి సాధనతో పోదు. ముందు ఎత్తుగా పెట్టి, తరవాత ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీయవచ్చు. తగ్గించిన నురుగును తిరిగి పెంచడం కష్టం.

మోకాలి ప్యాడ్ల దగ్గర లెక్క ఇంకా తేట. ఒక్కో మోకాలి మీద పదిహేను కిలోల బరువు పడుతోందనుకుందాం. చదునైన గట్టి అడుగు మీద మోకాలి చిప్ప ఆనే చోటు 20 చదరపు సెంటీమీటర్లయితే, పీడనం 73 కిలోపాస్కళ్లు. మనిషి పై రక్తపోటు 120 అంటే 16 కిలోపాస్కళ్లే. ఆ చోట రక్తం ఆగిపోక ఏం చేస్తుంది? అదే బరువును మోకాలి ఆకారానికి తొలిచిన ప్యాడ్ మీద 100 చదరపు సెంటీమీటర్లకు పరిస్తే పీడనం 15 కిలోపాస్కళ్లకు దిగుతుంది. కాబట్టి మందమైన ప్యాడ్ కన్నా ఒదిగే ప్యాడ్ ముఖ్యం. పరుపుల్లో వాడే స్పాంజి పనికిరాదు. దాని గదులు తెరిచి ఉంటాయి, నీరు పీలుస్తుంది. గదులు మూసుకుని ఉండే మినీసెల్ రకం నురుగు కావాలి. తేడా తెలియకపోతే ఒక ముక్కను బకెట్ నీటిలో పిసికి వదలండి. బరువెక్కితే అది పడవకు కాదు.

జీనును ముందు వెనకలుగా ఎక్కడ పెట్టాలన్నది జిగురు పూసే ముందే తేల్చుకోవాలి. దాన్ని పట్టీతో తాత్కాలికంగా కట్టి, నిలకడ నీటిలో మనం ఎక్కి కూర్చోవాలి. ఒడ్డున ఉన్నవారు పక్క నుంచి చూసి ముక్కు దిగిందా, తోక దిగిందా చెప్పాలి. మోకాళ్లు జీను కన్నా ముందుంటాయి కాబట్టి ఒంటి బరువు మనం అనుకున్న చోట కన్నా ముందుకే పడుతుంది. అందుకే జీను సాధారణంగా పడవ మధ్యకు కొంచెం వెనక స్థిరపడుతుంది. ఇది ప్రయోగం. సూత్రంతో ఊహించి, నీటితో సరిచూసుకోవాలి.

నేను చేసిన తప్పు

ఇప్పుడు తొడపట్టీలు. నేను అన్నయ్యకు చెప్పిన టార్కు లెక్కలో తప్పు లేదు. పట్టీ లేకుండా మోకాలితో పడవను కిందికి తొక్కగలమే కానీ పైకి లాగలేం. పట్టీ ఉంటే ఒక మోకాలు తొక్కుతుంటే రెండోది ఎత్తుతుంది. భౌతికశాస్త్రంలో దాన్ని బలయుగ్మం అంటాం. పడవ ఒరిగినా నడుము పైభాగం నిటారుగా ఉంటుంది, గురుత్వ కేంద్రం పడవ మీదే నిలుస్తుంది. బోల్తా పడ్డప్పుడు పడవతో పాటు తిరిగి లేవడానికీ ఈ బంధమే ఆధారం. ఒలింపిక్స్ కెనూ స్లాలంలో సీ1 విభాగం క్రీడాకారులు కప్పు ఉన్న పడవలో మోకాళ్ల మీద కూర్చుని, ఇలాంటి పట్టీలతోనే అన్ని మలుపులు తిరుగుతారు.

లెక్కలో తప్పు లేదు, ప్రశ్నలోనే ఉంది. "ఎంత బిగుతుగా ఉంటే పట్టు దొరుకుతుంది?" అని అడిగాను. "మనిషి తలకిందులుగా, చల్లటి నీటిలో, ఊపిరి బిగబట్టి ఉన్నప్పుడు ఇది ఎలా ఊడుతుంది?" అని అడగలేదు. అమెరికన్ వైట్‌వాటర్ సంస్థ 1959 నుంచి నడుపుతున్న భద్రతా నియమావళి, తిరగబడ్డ పడవ నుంచి బయటపడేటప్పుడు చిక్కుపడేది ఏదీ లేకుండా చూసుకోమంటుంది. ఆరు దశాబ్దాల కిందటి ఆ మాట మా ముడికి అచ్చంగా సరిపోతుంది.

బిగువు, భద్రత పరస్పరం శత్రువులన్న వాదన తెడ్డువాళ్లలో పాతదే. ఒక వర్గం పడవను చెప్పులా తొడుక్కోవాలంటుంది. ఇంకో వర్గం పట్టీలే వద్దంటుంది. నేను రెండిటినీ ఒప్పుకోను. మంచి అమరికలో పట్టు పట్టీది కాదు, భంగిమది. మోకాళ్లు విప్పి పక్కలకు ఆనించినప్పుడు పట్టీ తొడ మధ్యలో బిగుసుకోవాలి. మోకాళ్లు దగ్గరికి తెచ్చి వెనక్కి జరిగితే దానంతట అదే వదులవ్వాలి. మనిషి ప్రయత్నిస్తేనే పట్టు ఉండాలి, ప్రయత్నం మానేస్తే విడుదల కావాలి. దాని పైన ఒక్క చేత్తో లాగితే ఊడే బకిల్ ఉండాలి. ముడి ఎప్పుడూ ఉండకూడదు. తడిసిన ముడి, బరువు పడ్డ ముడి వేళ్లకు లొంగదు.

పాదాల సంగతి చాలామంది మర్చిపోతారు. కొన్ని పడవల్లో జీనుకు బదులు అడ్డంగా బల్లలాంటి సీటు ఉంటుంది. పాదాలు దాని కిందికి వెళతాయి. లావు అడుగున్న బూట్లు వేసుకుంటే లోపలికి దూరతాయి, బయటికి రావు. పలుచని, లేసులు వేలాడని చెప్పులే వేసుకోవాలి. పాదాలు ఆనించే దిమ్మలు కాలివేళ్లకు ఊతంగా ఉండాలి, మడమను పట్టే పంజాలా ఉండకూడదు.

నేను ఇప్పుడు పాటించే పరీక్ష చాలా మామూలుది. ఒక్కో వస్తువు బిగించిన ప్రతిసారీ, ఈత కొలను లాంటి నిలకడ నీటిలో, పక్కన ఒక మనిషి నిలబడి ఉండగా, కావాలని బోల్తా పడాలి. కళ్లు మూసుకుని కుడి చేత్తో ఒకసారి, ఎడమ చేత్తో ఒకసారి బయటికి రావాలి. నదిలో వేసుకునే బూట్లతో, లైఫ్ జాకెట్‌తోనే చేయాలి. ఏ వస్తువు దగ్గర ఆలోచించాల్సి వచ్చిందో ఆ వస్తువును మార్చాలి. ఎందుకంటే చల్లటి నీరు మొహాన కొట్టినప్పుడు మొదట పోయేది ఆలోచనే.

"పెద్దవాళ్లు ఇవేవీ లేకుండా నడిపారు కదా?"

ఈ ప్రశ్న న్యాయమైనదే. కెనడా చిత్రకారుడు, దర్శకుడు బిల్ మేసన్ 1970లలో తీసిన చిత్రాలు చూసి కెనూ ఎక్కినవారు ఎందరో. ఆయన ఎర్రటి చెస్ట్‌నట్ ప్రాస్పెక్టర్ పడవలో మోకాళ్ల మీద కూర్చుని ఉరవడులు దాటాడు. ఇప్పుడు మనం మాట్లాడుతున్న జీనులు, పట్టీలు అందులో లేవు. కానీ ఆ పడవ పదకొండు అడుగుల బొమ్మ కాదు. సామానుతో సుదూర ప్రయాణాలకు చేసిన పెద్ద పడవ. దాటలేని ఉరవడిని ఒడ్డున భుజాన పెట్టుకుని దాటేవాళ్లు. పడవలు పొట్టివై, మనుషులు అంతకన్నా కఠినమైన నీటిలోకి దిగేకొద్దీ లోపలి అమరిక అవసరమైంది. నేటి నీటిలో నిన్నటి అమరిక చాలదు. అయితే నిన్నటివాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఒకటుంది. వాళ్ల పడవలో కాలు చిక్కే వస్తువు దాదాపు లేదు. మనం ఒక్కో వస్తువు చేర్చినప్పుడల్లా ఆ గుణంలో కొంత పోగొట్టుకుంటున్నాం. ఆ నష్టాన్ని లెక్కలో వేసుకోవాలి.

ఖర్చు గురించిన అభ్యంతరం కూడా విన్నాను. పాత పడవకు కొత్త సామగ్రి కొంటే పడవ ధరను దాటేస్తుందని అన్నయ్య గొణిగాడు. నిజమే. అయితే అన్నీ ఒకేసారి కొనక్కర్లేదు. సంచులు, అల్లిక ముందు కొనాలి. నురుగు దిమ్మ తెచ్చి, ఆకురాయి, గరుకు కాగితంతో జీనును ఇంట్లోనే చెక్కుకోవచ్చు. ఇష్టముంటే అది వారాంతపు పని. మోకాలి ప్యాడ్లూ అంతే. బయట డబ్బు పెట్టి కొత్తదే కొనాల్సింది ఒక్కటి: పట్టీల బకిళ్లు. అక్కడ పొదుపు చేయకూడదు.

మన దగ్గర ఎందుకు మాట్లాడాలి?

ఉరవడి నీటి ఆటలు మనకు కొత్త కావు. రిషికేశ్ దగ్గర గంగలో కయాకర్లు ఏళ్లుగా సాధన చేస్తున్నారు. కేరళలో కోజికోడ్ కొండల నుంచి దిగే చాలిప్పుళ, ఇరువంజిప్పుళ నదుల్లో వర్షాకాలంలో మలబార్ రివర్ ఫెస్టివల్ జరుగుతుంది. టోక్యో ఒలింపిక్స్ నుంచి మహిళల సీ1 స్లాలం కూడా పతకాల పట్టికలో చేరింది. ఈ ఆటలోకి వచ్చే మన పిల్లల్లో చాలామందికి మొదట దొరికేది ఎవరో వాడిన పడవే. అందులో ఎవరో వేసిన ముడే. శిక్షణ ఇచ్చేవారు తెడ్డు పట్టించే ముందు పడవ లోపలికి వంగి చూసే అలవాటు నేర్పాలని, బోల్తా పడి బయటికి రావడం చూపించనిదే తొడపట్టీ తొడగనివ్వకూడదని నా గట్టి అభిప్రాయం.

భౌతికశాస్త్రం చదివినవాళ్లకు కూడా ఒక మాట. మనకు ఒక రాశిని ఎంచుకుని దాన్ని గరిష్ఠం చేయడం అలవాటు. పట్టును గరిష్ఠం చేయమంటే చేసేస్తాం. కానీ పడవలో మనిషి ఉన్నాడు, అతనికి ఊపిరి ఒక నిమిషం కూడా చాలదు. ఏ రాశిని గరిష్ఠం చేయాలి, ఏ హద్దును ఎప్పటికీ దాటకూడదు అన్నది లెక్క మొదలుపెట్టే ముందే తేల్చుకోవాలి. ఆ హద్దును ఆ రోజు గ్యారేజీలో మొదట గీసింది ఫిజిక్స్ చదవని మా వదిన.

పడవను తిరిగి అమర్చడానికి మాకు మూడు వారాంతాలు పట్టాయి. సంచులు కట్టాం, జీను చెక్కాం, ముడిని కోసి పారేసి కొత్త బకిళ్లు వేశాం. వాళ్ల కాలనీ ఈత కొలనులో అన్నయ్య పన్నెండు సార్లు బోల్తా పడ్డాడు. గట్టు మీద కుర్చీ వేసుకుని వదిన లెక్కపెట్టింది. మొదటిసారి నాలుగు దాకా వెళ్లింది. చివరి అయిదు సార్లూ రెండు దాటలేదు. "ఇంక వెళ్లండి" అంది.